సముద్రం వైపు తిరిగిన కోళ్ల షెడ్డు

రాయచూరు జిల్లా సింధనూరు నుంచి కాలువ గట్టు పట్టుకుని పోతే కొత్తపాలెం క్యాంపు వస్తుంది. క్యాంపు అవతల, వరి మళ్లు ఆగిపోయి మెట్ట నేల మొదలయ్యేచోట, రాజ్యలక్ష్మి కోళ్ల షెడ్డు ఉంది. అది సముద్రం వైపు తిరిగి ఉంటుంది. సముద్రం అక్కణ్ణుంచి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరం. షెడ్డుకు ఆ సంగతి తెలియదు. కట్టినవాడికి తెలిసినా ఒప్పుకోలేదు.

తుంగభద్ర కాలువ పారిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, ఇక్కడి నల్లరేగడి కొని వరి వేసినవాళ్ల ఊళ్లను ఈ జిల్లాలో క్యాంపులంటారు. గుడిసెలు పోయి డాబాలు లేచాయి. మనవలు కన్నడంలో తిట్టుకుంటున్నారు. ఓట్లు ఇక్కడే, చావులూ ఇక్కడే. పేరు మాత్రం రేపో మాపో డేరాలు పీక్కుని పోయేవాళ్లదే.

షెడ్డు కట్టింది రాజ్యలక్ష్మి భర్త యలమందయ్య. ఆయన తండ్రిది భీమవరం దగ్గర పల్లె. అక్కడ వాళ్లకో పశువుల కొట్టం ఉండేదట. పొడుగు పక్క తూర్పుకు తెరిచి కట్టారట. వేసవిలో పొద్దు వాలేసరికి సముద్రం మీంచి పైరగాలి వచ్చి కొట్టంలో దూరితే గేదెలు నెమరు వేస్తూ కళ్లు మూసుకునేవట. యలమందయ్య ఆ ఊరు వదిలింది పలకా బలపం వయసులో. కొట్టం ఆయనకు నిజంగా గుర్తున్నది ఎంతో, తండ్రి చెప్పగా చెప్పగా గుర్తున్నట్టు తోచేది ఎంతో ఆయనే విడదీయలేడు. కానీ ప్రాణి ఉండే ఇల్లు ఎలా ఉండాలంటే ఆయన కళ్ల ముందు మెదిలేది ఆ కొట్టమే.

కాలువ చివరి పొలాలకు రెండో పంట నీళ్లు అందడం మానేశాక ఆయన కోళ్లకు దిగాడు. మెట్ట చెక్క ఖాళీగా ఉంది, ఊక కావాలంటే చుట్టూ రైసు మిల్లులే. మేకులు కొట్టి దారం లాగుతున్న రోజున, ఇటుకలు తెచ్చిన ట్రాక్టరు మీంచి కిష్టప్ప కిందికి చూశాడు. కిష్టప్ప క్యాంపులు రాకముందు నుంచీ ఈ జిల్లాలో ఉన్న తెలుగువాడు. అప్పట్లో ట్రాక్టరు తోలేవాడు. ఇప్పుడు సింధనూరు బస్టాండు దగ్గర చికెన్ సెంటరు నడుపుతున్నాడు.

"ఏంది అన్నా, పొడుగు పక్క పడమటికి పెడుతున్నవ్? మద్దినాల ఎండ సీదా లోపల్కి కొడ్తది గద."

"పడమటికి కాదు, తూర్పుకి పెడుతున్నా."

"షెడ్డుకు రెండు పక్కలుంటయన్నా. ఒకటి గటు పెడితె ఇంకోటి గిటు వస్తది."

"మరి పైరగాలి రావద్దా?"

"గదేం గాలి?" కిష్టప్ప ఆ పేరు ఎన్నడూ వినలేదు. "ఈ దిక్కు గాలి అంటె పడమటి గాలే. అది గూడ వానలు మొదలైనంకనే. ఎండకాలంల గాలి లేదు గీలి లేదు. ఉన్నదంత సెగనే."

యలమందయ్య తలెత్తాడు. వరి ఎలా నాటాలో మేం వచ్చి చూపిస్తేగానీ తెలియని వాళ్లు మాకు గాలి సంగతి చెప్తారా అన్నట్టు చూసి, మేకు కొట్టాడు. క్యాంపుల్లో ఆ చూపు వంశపారంపర్యం. రాజ్యలక్ష్మి అక్కడే ఉంది. దారం రెండో కొస ఆమె చేతిలోనే ఉంది.

ఇది పదిహేనేళ్ల కిందటి మాట. ఆ తర్వాత యలమందయ్య మోకాళ్లు అరిగాయి. షెడ్డు రాజ్యలక్ష్మి చేతికి వచ్చింది. పొలం అన్నదమ్ముల ఉమ్మడి, పంట అమ్మినా కొన్నా మగవాళ్ల మధ్య మాట. షెడ్డు ఒక్కటే ఆమె చెప్పినట్టు నడిచేది. క్యాంపులో ఆమెను కోళ్ల రాజ్యం అంటారు. ఎగతాళిగా మొదలైన పేరు. ఇప్పుడు ఎవరింట్లో పెళ్లయినా, "కోళ్ల రాజ్యాన్ని పిలిచారా?" అని అడుగుతారు. ఆమె పొద్దున షెడ్డు తలుపు తీసి, లోపలికి అడుగు పెట్టకముందే ముక్కుతో ఒకసారి పీల్చి, చెవితో ఒకసారి విని, అప్పుడు చెప్పులు మారుస్తుంది. పొడి ఊక వాసన వస్తే మంచిది. కళ్లు మండే ఘాటు వస్తే ఊక తడిసిందని అర్థం. గొర్రు తీసుకుని తిరగేయడమే.

పద్ధతి అందరిదీ ఒకటే. కంపెనీ కోడిపిల్లల్ని వేస్తుంది, మేత పంపుతుంది, మందులు ఇస్తుంది. పెంచి ఇస్తే కిలోకి ఇంతని పెంపకం కూలి. పిల్లలు వాళ్లవి, చాకిరీ మనది, ఎండ ఎవరిదీ కాదు. ఆ ఎండ మీదే ఈ కథంతా.

కోళ్ల గురించి పట్నంలో మాట్లాడేవాళ్లకు ఒక భక్తి ఉంది. కోడి ఆరుబయట తిరగాలి, మట్టి గీరాలి, గాలీ వెలుతురూ తగలాలి. వినసొంపుగానే ఉంటుంది. కానీ షెడ్డులో ఉన్నది వాళ్ల అమ్మమ్మ పెరట్లో తిరిగిన కోడి కాదు. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాలని తరాల తరబడి ఎంచి ఎంచి తయారుచేసిన ప్రాణి. తిన్నదంతా రొమ్ము కండ అయ్యేలా దాన్ని మలిచారు. దాని గుండె, దాని ఊపిరితిత్తులు ఆ తొందరను అందుకోలేవు. దానికి చెమట పట్టదు. వేడెక్కితే ముక్కు తెరుచుకుని రొప్పడం ఒక్కటే తెలుసు. రొప్పే కోడి తినదు. తినని కోడి పెరగదు. పెరిగిన కొంచెమూ కండ కావాల్సింది కొవ్వవుతుంది. కాబట్టి దాని తిండికంటే ముందు దాని ఇల్లు చూడాలి. ఎటు తిరిగి ఉంది, ఎండ ఎంత దూరం లోపలికి వస్తుంది, గాలి ఎటు నుంచి ఎటు పోతుంది. ఇవి సరిగ్గా లేకపోతే ఎంత మంచి మేత పెట్టినా ఇసుకలో నీళ్లు పోసినట్టే.

ఈ ఏడు మార్చి చివర కంపెనీ సూపర్‌వైజరు ధర్మతేజ వచ్చాడు. పక్క క్యాంపు కుర్రాడు, వరస కలుస్తుంది, రాజ్యలక్ష్మిని పిన్నీ అంటాడు. అంతకుముందు రెండు బ్యాచులు బరువు తగ్గాయి. ఈసారి కావాలనే మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చాడు.

"పిన్నీ, ఇటు రండి. ఈ వరస గిన్నెలు చూడండి."

"నిండుగా ఉన్నాయిగా. నేనేం మేత తగ్గించలేదు."

"అదే రోగం. ఈ వేళకి నిండుగా ఉండకూడదు."

పడమటి పక్క పిట్టగోడ మీంచి, ఇనుప జాలీలోంచి, ఎండ షెడ్డు సగం దాకా పరుచుకుని ఉంది. ఆ ఎండలో ఒక్క కోడి లేదు. మేత గిన్నెలు, నీళ్ల గిన్నెలు మాత్రం వరసగా, బంతిలో విస్తళ్లు వేసి జనం రానట్టు ఉన్నాయి. కోళ్లన్నీ తూర్పు గోడకు అతుక్కుపోయి, ఒకదాని మీద ఒకటి ఒరిగి రొప్పుతున్నాయి.

"సగం ఇంట్లోనే కాపురం చేస్తున్నాయి పిన్నీ. సగం పూట తింటున్నాయి. బరువు ఎక్కడి నుంచి వస్తుంది?"

రాజ్యలక్ష్మి ఆ గిన్నెల్ని పదిహేనేళ్లుగా చూస్తోంది. నిండుగా ఉంటే కోళ్లు కడుపు నిండి తిన్నాయని అనుకునేది.

"ఏం చెయ్యమంటావు, షెడ్డుని ఎత్తి తిప్పమంటావా?"

"తిప్పలేంగానీ కప్పగలం. పడమటి పక్క పొడుగునా గోనెలు కట్టి తడపండి. మన గాలిలో తేమ లేదు కదా, తడి గోనెలోంచి వచ్చే గాలి చల్లబడుతుంది." అతను కాసేపు చెప్పులతో ఊకని అటూ ఇటూ జరిపాడు. "ఇంకో మాట. పైవాళ్లు ఈ బ్యాచ్ చూస్తామన్నారు. ఇదీ బరువు రాకపోతే ఇక మనకి పిల్లల్ని వెయ్యరు. అన్నీ నాలుగు వైపులా మూసి ఫ్యాన్లు పెట్టిన షెడ్లకే ఇస్తారట. నా చేతిలో లేదు."

యలమందయ్య వాకిట్లో కుర్చీలోంచి అంతా వింటున్నాడు. "గోనెలు కడితే గాలి ఆగిపోదూ?"

"ఇప్పుడు ఏ గాలి ఆడుతోంది బాబాయ్?"

"వస్తుంది. సాయంత్రానికి తిరుగుతుంది. తడి పెడితే కోళ్లు చీదుకుని చస్తాయి. మా నాన్న కొట్టంలో చుక్క నీళ్లు పడనిచ్చేవాడు కాదు."

కోస్తాలో ఆ మాట నిజం. గాలిలోనే నీళ్లున్నచోట ఇంకా తడి పెడితే ప్రాణి ఉడికిపోతుంది. పుస్తకాలు కూడా అదే చెప్తాయి. అయితే ఆ పుస్తకం రాయచూరు ఏప్రిల్‌కి రాసింది కాదు. ఇక్కడ ఆరేసిన చీర మడత పెట్టేలోగా పెళుసెక్కుతుంది. పెద్దల అనుభవం గొప్పది అంటూ ఉంటాం. ఎక్కడి అనుభవం అని అడగడం మాత్రం అమర్యాద.

రాజ్యలక్ష్మి గోనెలకోసం సింధనూరు వెళ్లింది. రైసు మిల్లులో పాతవి ఏరి కట్ట కట్టించుకుని, బస్సుకి వేళ ఉందని కిష్టప్ప కొట్టు దగ్గర నిలబడింది.

"రా రాజ్యక్కా. కంపెనీ నీ షెడ్డుల కెల్లి ముందుగాల ఎత్తిన కోళ్లే కోస్తున్న. చూస్తవా, మనసు గట్టిగున్నదా?"

"నా కోళ్లని నీకెలా తెలుసు? వాటి మీద పేరు రాసుందా?"

"కత్తి పెట్టంగనే ఎర్కైతది." ఒలిచిన రెండు కోళ్లను పక్కపక్కన పెట్టాడు. తూకంలో రెండూ ఇంచుమించు ఒకటే. ఒకదాని రొమ్ము అరచేయి వెడల్పున ఉబ్బి ఉంది. రెండోదాని రొమ్ము మధ్య ఎముక పడవ అడుగులా పైకి తేలి ఉంది. పొట్టలోంచి పసుపుపచ్చ కొవ్వు ముద్ద బయటికి జారింది. "ఇది మీ మరిది వీరబాబుది, మూసిన షెడ్డుది. ఇది నీది. తూకంల ఫరక్ లేదు. కోసినంకనే ఫరక్. గిరాకీలు నన్ను తిడ్తరు, ఎముకలు అమ్ముతున్నవా కిష్టప్పా అని."

"నేనేం తక్కువ పెట్టానా?"

"నువ్వు బాగనే పెట్టినవక్కా. ఎండ తిన్నది." కిష్టప్ప నవ్వలేదు. కత్తి తుడుచుకుంటూ అన్నాడు. "యలమందన్న ఇంక సముద్రం దిక్కే చూస్తున్నడా? అడిగిన అని చెప్పు."

మర్నాడు ఆమె ఒక్కతే గోనెలు కుట్టి, పడమటి పక్క పొడుగునా కట్టి, పైన గొట్టానికి సన్న చిల్లులు పెట్టి నీళ్లు వదిలింది. మధ్యాహ్నం దాటింది. ఎండ గోనెల దగ్గర ఆగిపోయింది. ముందు ఒక కోడి, తర్వాత నాలుగు, తర్వాత గుంపు గుంపంతా పడమటి వరసకు నడిచాయి. సాయంత్రానికి ఆ గిన్నెలు ఖాళీ. ఖాళీ గిన్నె చూసి సంబరపడటం ఆమెకి అదే మొదలు. మొగుణ్ణి పిలిచి చూపించింది. ఆయన గోనెను వేళ్లతో పట్టి పిండి, చేయి లుంగీకి తుడుచుకున్నాడు.

"చూద్దాం" అన్నాడు.

వారం తిరిగేసరికి చూడాల్సింది ఆయనకు కనబడింది కూడా. గోనెల నుంచి కారిన నీళ్లకు గోడ పక్కన ఊక తడిసి గడ్డకట్టింది. ఘాటు వాసన మొదలైంది. ఆ గడ్డల మీద కూర్చున్న కొన్ని కోళ్లకు రొమ్ము మీద బొబ్బలు లేచాయి. ఆ బొబ్బ ఉన్నచోట కండ కోసి పారెయ్యాల్సిందే. రాజ్యలక్ష్మి గొర్రుతో గడ్డలు పగలగొట్టి పొడి ఊక చల్లింది. నీళ్లు తగ్గించింది. యలమందయ్య మాత్రం ఒక బొబ్బ కోడిని చంకలో పెట్టుకుని ఇంటిముందు అందరికీ చూపించాడు.

"చెప్పానా? తడి పెడితే ఇంతే."

"బొబ్బలు పదింటికి. బరువు వేలకి" అంది ఆమె.

"లెక్కలు నాకు చెప్పకు. గాలి ఆడని ఇంట్లో ప్రాణి బతకదు."

ఆయన తెలివితక్కువవాడు కాదు. చూసింది ఆయన కళ్లతోనే చూశాడు. చూడని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అంతే. ఆ బ్యాచ్ అప్పటికి బరువు అందుకునే దారిలో పడింది. ధర్మతేజ తూచి చూసి, "ఇలాగే పది రోజులు లాగండి పిన్నీ, నేను మాట్లాడతా" అన్నాడు. పోతూ పోతూ, ఒకసారి వీరబాబు షెడ్డు చూసి రమ్మన్నాడు. రేపు బ్యాంకు వాళ్లతో మాట్లాడాల్సి వస్తే తెలిసి ఉండాలని.

వీరబాబు కాలువ అవతల ఉంటాడు. యలమందయ్యకు తమ్ముడి వరస. రాజ్యలక్ష్మి వెళ్లింది ఏప్రిల్ నెల నడుమ, తెల్లారినప్పటి నుంచే ఆకాశం బూడిద రంగులో ఉన్న ఒక రోజున. కాళ్లు మందునీళ్లలో ముంచి లోపల అడుగు పెట్టింది. బయటి కొలిమి అక్కడితో ఆగిపోయింది. ఒక చివర తడి అట్టల గోడ, రెండో చివర మనిషి ఎత్తు ఫ్యాన్లు. గాలి సొరంగంలో నీళ్లలా నిదానంగా పారుతోంది. వెలుతురు దీపం పెట్టిన వేళలా ఉంది. కోళ్లు ఎక్కడివక్కడ పరుచుకుని కూర్చున్నాయి. ఏదీ రొప్పడం లేదు.

"ఎంత చల్లగా ఉంది" అంది ఆమె, గొంతు తగ్గించి, ఎవరో నిద్రపోతున్నట్టు.

"మా ఇంట్లో కంటే బాగుంటుంది వదినా. మా ఆవిడ మధ్యాహ్నం ఇక్కడికొచ్చి పడుకుంటానంటుంది" అన్నాడు వీరబాబు. "వీటికి ఎండంటే ఏంటో తెలీదు. చీకటంటే ఏంటో కూడా సరిగ్గా తెలీదు."

"నడవట్లేదేంటి?"

"నడిచి ఎక్కడికి పోవాలి? మేత ముక్కు దగ్గరే ఉంది. చివరి వారంలో కొన్నిటికి కాళ్లు నిలవవు కూడా. రొమ్ము అంత బరువు."

ఆమె వంగి ఒకదాన్ని ఎత్తింది. రొమ్ము చేతినిండా వచ్చింది. కిష్టప్ప కొట్టులో చూసిందే. దించితే అది నాలుగు అడుగులు ఊగుతూ వేసి కూలబడింది. ఆమెకు అసూయా వేసింది, రోతా పుట్టింది. రెండూ ఒకేసారి.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ల చప్పుడు దిగిపోతూ దిగిపోతూ ఆగింది. వీరబాబు మాట మధ్యలో వదిలేసి జనరేటరు గది వైపు పరుగెత్తాడు. పెద్ద మనిషి, పొట్ట ఉన్న మనిషి, ఆమె ఎప్పుడూ అతను పరుగెత్తగా చూడలేదు. ఆ కాస్సేపట్లోనే గాలి బరువెక్కింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా కోళ్లు తలలెత్తాయి. జనరేటరు అందుకుంది, ఫ్యాన్లు మళ్లీ తిరిగాయి. వీరబాబు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదీ నా బతుకు వదినా. పెళ్లికెళ్లినా చెవి ఇక్కడే. మీ షెడ్డులో ఎండే పాము. ఇక్కడ స్విచ్చి."

ఆమె ఇంకాసేపు ఉండిపోయింది. మజ్జిగ తాగమంటే తాగింది. చల్లగా ఉంది కాబట్టి ఉంది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

అదే వేళకు ఇక్కడ క్యాంపులో తూర్పు నుంచి ఒక గాలి వీచింది. ఏప్రిల్లో అలా అప్పుడప్పుడు, ఎక్కడో వాన పడితే, తూర్పు గాలి తిరగడం ఉంది. కాసేపు వీచి పోతుంది. యలమందయ్య కుర్చీలో కూర్చుని ఆ గాలి మొహానికి తగలగానే లేచాడు. పదిహేనేళ్లుగా దేనికోసం షెడ్డు కట్టాడో అది వచ్చింది. లోపలికి తొంగి చూస్తే ఘాటు వాసన. గాలి తూర్పు నుంచి లోపలికి వచ్చి, బయటికి పోయే దారిలేక గోనెల దగ్గర ఆగుతోంది. అది నిజమే. ఆయన మోకాళ్ల నొప్పితోనే, ఒక్కో తాడూ విప్పుకుంటూ, పడమటి పక్క గోనెలన్నీ దించి కుప్పగా పడేశాడు. గాలి షెడ్డులోంచి ఇటు నుంచి అటు పారింది. ఆయన అరుగు మీదికి వచ్చి, మంచి పని చేసినవాడికి వచ్చే నిద్రలోకి జారిపోయాడు.

గాలి ఆగిపోయింది. పొద్దు పడమటికి వాలింది. ఆకాశంలో మసక చెదిరి ఎండ సూటిగా లోపలికి దూకింది. రెండు వారాలుగా షెడ్డంతా తిరగడానికి అలవాటు పడ్డ కోళ్లు, బరువు పెరిగిన కోళ్లు, ఒక్కసారిగా తూర్పు గోడకు తోసుకున్నాయి. వెనకవి ముందువాటి మీద, వాటి మీద ఇంకొన్ని. కోడి ఎండదెబ్బకు చచ్చేదానికంటే ఇలా ఊపిరాడక చచ్చేది ఎక్కువ.

రాజ్యలక్ష్మి గట్టు దిగుతూనే గోనెలు కింద ఉండటం చూసింది. తలుపు తీసినప్పుడు ముక్కుతో పీల్చలేదు. చెవితో వినాల్సిన పని కూడా లేకపోయింది. ఆమె గోడ దగ్గరి గుట్టలోకి చేతులు పెట్టి, ఊపిరి ఉన్నవాటిని తీసి తీసి వెనక్కి విసిరింది. యలమందయ్య లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి ఆయన కూడా వంగి తియ్యడం మొదలుపెట్టాడు.

"గాలి వచ్చిందే" అన్నాడు. "నిజంగా వచ్చింది."

"నీళ్లు పట్టండి" అంది ఆమె.

చీకటి పడకముందే గొయ్యి తవ్వించి సున్నం చల్లి పూడ్చారు. కిష్టప్పకు కబురు తెలిసి బండి మీద వచ్చాడు. కొస ఊపిరితో ఉన్నవాటిని ఏమైనా తీసుకుంటాడేమోనని యలమందయ్య అడిగాడు.

"వద్దన్నా. సచ్చేటియి, సచ్చినయి నేను ముట్ట. నా బోర్డు మీద నా బిడ్డ పేరున్నది." వచ్చినవాడు ఊరికే నిలబడకుండా పార అందుకున్నాడు. పడమటి గాలి మాట ఆ రోజు ఎత్తలేదు. ఆ మర్యాదకి రాజ్యలక్ష్మి అతనికి ఇప్పటికీ కృతజ్ఞురాలే.

మిగిలినవి ఆ వారమంతా సరిగ్గా తినలేదు. బళ్లు వచ్చి ఎత్తుకుపోయిన రోజున ధర్మతేజ కాటా పక్కన నిలబడి, ప్రతి గంపకీ మొహం కొంచెం కొంచెం దించుకున్నాడు. చివరి గంప ఎక్కాక ఆమె దగ్గరికి వచ్చాడు.

"మాట్లాడాను పిన్నీ. కుదరదన్నారు."

"ఒక్క బ్యాచ్. వానల్లో వెయ్యమను. ఎండ ఉండదు కదా."

"మూసిన షెడ్డయితేనే అంటున్నారు. ఈ షెడ్డు పేరు కొట్టేశారు." అతను అరుగు వైపు చూశాడు. "బాబాయ్ ఆ ఒక్క పూట ఆ గోనెల జోలికి పోకుండా ఉంటే..."

"షెడ్డు ఆయనొక్కడే కట్టాడా?" అంది రాజ్యలక్ష్మి. "దారం రెండో కొస నేనే పట్టుకున్నా. కిష్టప్ప చెప్తుంటే నేనూ విన్నాను. నేనూ నవ్వాను."

ధర్మతేజ బండెక్కాడు.

మూసిన షెడ్డు కట్టే స్తోమత వాళ్లకు లేదు. బ్యాంకు మెట్లెక్కకముందే ఆమెకు ఆ సంగతి తెలుసు. జూన్‌లో వీరబాబు వచ్చి, చూపున్న మనిషి కావాలి వదినా, నువ్వు రా, అని అడిగాడు. కూలికి అనలేదు. కూలికే. ఆమె ఇప్పుడు పొద్దున్నే కాలువ దాటి పోతుంది. మందునీళ్లలో కాళ్లు ముంచుతుంది. మసక వెలుతురులో వరసల మధ్య నడుస్తూ, కాళ్లు నిలవని వాటిని ఏరి పక్కన పెడుతుంది. అక్కడి కోళ్లు ఆమె కోళ్లకంటే బాగా పెరుగుతాయి, రొప్పవు, గుట్టలుగా చావవు. ఆమె ఆ మాట దాచదు. జాలీలోంచి ఆకాశం కనబడే షెడ్డే మంచిదని ఎవరైనా అంటే, "ఏప్రిల్లో వచ్చి అందులో కూర్చో, తెలుస్తుంది" అంటుంది. అలాగని వీరబాబు షెడ్డుని పొగడదు కూడా. కరెంటు పోయినప్పుడల్లా ఆమె అందరికంటే ముందు తలెత్తుతుంది, కోళ్లతో పాటు. అక్కడ ఆమెను ఎవరూ కోళ్ల రాజ్యం అనరు. లెక్కల పుస్తకంలో వీరబాబు కొడుకు కన్నడంలో "రాజమ్మ" అని రాసుకున్నాడు. ఆమె దిద్దలేదు.

వానలు మొదలయ్యాయి. కిష్టప్ప చెప్పిన గాలి పడమటి నుంచి లేచింది. పగలంతా ఆగకుండా, చల్లగా, తడి మట్టి వాసనతో, ఖాళీ షెడ్డులోకి ఒక పక్క దూరి రెండో పక్క పోతోంది. ఏ ఫ్యానూ అంత గాలి తొయ్యలేదు. యలమందయ్య తన కుర్చీని అరుగు మీంచి షెడ్డులోకి మార్చుకున్నాడు. నడుమ, ఊక ఊడ్చేసిన బరక నేల మీద కూర్చుంటాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న ప్రాణి ఆయన ఒక్కడే.

ఒక సాయంత్రం ఆమె పని నుంచి తిరిగి వచ్చి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, చెంబు కింద పెట్టాడు.

"ఇవాళ గాలి బాగుంది."

"ఎటు నుంచి?" అంది ఆమె.

ఆయన చాలాసేపు తూర్పు జాలీ వైపే చూస్తూ ఉండిపోయాడు. వీపు మీద చొక్కా గాలికి ముందుకు ఎగురుతోంది.

"పడమట నుంచి" అన్నాడు.

ఆమె చెంబు తీసుకుంది. దారిలో, షెడ్డు బయట మూల కుప్పగా పడున్న గోనెలు వానకి నానుతుండటం చూసి, ఒక్కొక్కటే విదిలించి లోపలికి వేసింది.